ఒక గ్రూపు ఫొటో – మూడు సావనీర్లు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగితే, "నాకు అచ్చు వెయ్యడం తప్ప రాయడం ఏం వచ్చు?" అన్నాను. "అయితే అచ్చు గురించే రాయి" అన్నారు. 1978లో మన బడిలో పదో తరగతి ముగించి బాబాయి ప్రెస్సులో చేరినవాణ్ణి. నలభై ఏడేళ్లుగా సిరా వాసన తప్ప వేరే లోకం తెలియదు. కాబట్టి మన బడి చరిత్రను నాకు తెలిసిన దారిలోనే, అంటే చుక్కల దారిలో చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అది పాతికేళ్ల కిందటిది. మీ అందరి ముందు ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మన సంఘం 1975లో మొదలైంది. ఇంతకు ముందు రెండు సావనీర్లు తెచ్చింది. 1985లో పదేళ్ల సంచిక, 2000లో రజతోత్సవ సంచిక. మీ చేతిలో ఉన్నది మూడోది. మూడింటిలోనూ పడిన ఫొటో ఒక్కటే ఉంది. అది 1978 పదో తరగతి వీడ్కోలు గ్రూపు ఫొటో.

బడి వరండా ముందు తీసిన ఫొటో అది. కుర్చీల్లో హెడ్మాస్టరు గారు, మాస్టార్లు. తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు, ఎదురుగా పొద్దుటి ఎండ. వాళ్ల కాళ్ల దగ్గర నేల మీద నాలాంటి పొట్టివాళ్లు. కుర్చీల వెనక నిలబడ్డవాళ్లు ఒక వరుస, బెంచీలెక్కినవాళ్లు ఇంకో వరుస. ఆఖరి వరుసలో కుడి చివర, వరండా చూరు నీడలో, ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకరున్నారు. ఆయనే గంట తాత. పేరేదో జీతాల పట్టీలో ఉండేది గానీ మనకు మాత్రం ఆయన గంట తాతే. ఆ రోజు బెంచీలన్నీ మోసుకొచ్చి వేసింది ఆయనే. వేసి పక్కకు తప్పుకుంటుంటే డ్రాయింగు మాస్టారు, "నువ్వెక్కడికయ్యా? రా, నిలబడు" అని పిలిచారు. వెళ్లి చివర్న నిలబడ్డాడు. ఆయన జీవితంలో తీయించుకున్న ఫొటో అదొక్కటే.

ఫొటోలో చుక్కలు ఉండవు

ఆ ఫొటో తీసింది మన ఊరి స్టూడియో ఆయన. ఆ రోజుల్లో ఫొటో కాగితం మీద జెలటిన్ పూత, ఆ పూతలో వెండి లవణాలు ఉండేవి. వెలుతురు తగిలిన చోట, మందులో కడిగాక, వెండి నల్లగా తేలుతుంది. ఎంత వెలుతురు తగిలితే అంత నలుపు. అలాంటి ఫొటోలో నలుపు నుంచి తెలుపుకు వెళ్లే దారి మెట్లలా ఉండదు, వాలులా ఉంటుంది. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాము దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ తీసిన చిత్రాలు చూసినవాళ్లకు ఈ మాట బాగా తెలుస్తుంది. కోట గోడ నీడలో కూడా రాయి రాయీ వేరుగా కనిపిస్తుంది.

అచ్చు యంత్రం సంగతి వేరు. దానికి ఉన్నది ఒకటే సిరా, అది నలుపు. కాగితం మీద ఒక చోట సిరా పడుతుంది, లేదా పడదు. సగం నలుపు వెయ్యమంటే వెయ్యలేదు. అందుకే ఫొటో పుట్టిన తర్వాత చాలా కాలం పాటు పత్రికలు ఫొటోను ఫొటోగా వేసుకోలేకపోయాయి. చెక్క మీద బొమ్మ చెక్కేవాడు ఫొటో చూసి గీతలుగా చెక్కేవాడు, దాన్ని అచ్చు వేసేవారు.

దీనికి దొరికిన ఉపాయం ఒక్కటే: కంటిని మోసం చెయ్యడం. బూడిద రంగు కావలసిన చోట సన్నటి నల్ల చుక్కలు, వాటి మధ్య తెల్ల ఖాళీ వదిలితే, చేతి దూరం నుంచి చూసే కన్ను రెండింటినీ కలిపేసి బూడిద రంగుగా చదువుకుంటుంది. చుక్క లావైతే ముదురు, సన్నమైతే లేత. మన ఆడవాళ్లు ముగ్గు పెట్టినప్పుడు దగ్గర నుంచి చుక్కలు చుక్కలుగా ఉన్నది మేడ మీద నుంచి చూస్తే పువ్వై కనిపిస్తుందే, అదే సంగతి.

గుడ్డ తెర, గాజు తెర

ఈ ఉపాయం వెనక చాలామంది ఉన్నారు. ఇంగ్లండులో ఫొటోగ్రఫీ కనిపెట్టినవారిలో ఒకరైన ఫాక్స్ టాల్బట్ 1852లో తీసుకున్న పేటెంటులోనే, పలచటి జల్లెడ గుడ్డను తెరగా అడ్డుపెట్టి బొమ్మను ముక్కలు చేసే మాట ఉంది. 1880 మార్చి 4న న్యూయార్కులోని డైలీ గ్రాఫిక్ అనే పత్రిక, పేదల గుడిసెలవాడ ఫొటో ఒకటి, గీతల తెర ద్వారా నేరుగా అచ్చువేసింది. ఆ పని చేసినవాడు స్టీఫెన్ హోర్గన్. 1882లో జర్మనీలో గేయోర్గ్ మైసెన్‌బాఖ్ ఇంకో పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే దశాబ్దంలో అమెరికాలో ఫ్రెడరిక్ ఐవ్స్ అడ్డగీతల తెరను వాడుకలోకి తెచ్చాడు. 1890ల్లో ఫిలడెల్ఫియాలో లెవీ సోదరులు ఆ తెరను ఖచ్చితమైన సరుకుగా తయారుచేశారు. రెండు గాజు పలకల మీద సమానమైన ఎడంతో సన్నటి గీతలు చెక్కి, వాటిలో నలుపు నింపి, ఒకదాని గీతలకు ఇంకొకదాని గీతలు అడ్డంగా వచ్చేలా అతికించేవారు. ఆ గాజును కెమెరాలో ప్లేటుకు కొంచెం ముందు నిలబెడితే, ఒక్కొక్క గడిలోంచి వచ్చే వెలుతురు ఎంత బలంగా ఉంటే అంత చుక్క పడేది.

అంగుళానికి ఎన్ని గీతలున్నాయన్నదే ఆ తెర కొలత. 65 గీతల తెర అంటే ముతక, పలచటి న్యూస్‌ప్రింటుకు. 133, 150 అంటే సన్నం, నున్నటి ఆర్టు పేపరుకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నా కథలో మళ్లీ వస్తుంది.

ఈ చరిత్రలో మన దేశం వాటా చిన్నదేం కాదు. సత్యజిత్ రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి కలకత్తాలో పిల్లల కథలు రాసేవారు, బొమ్మలు వేసేవారు. తాను వేసిన బొమ్మలను చెక్క బ్లాకులు పాడుచేస్తున్నాయని చూసి, ఇంగ్లండు నుంచి కెమెరా, తెరలు తెప్పించుకున్నారు. నేర్పేవాళ్లు లేరు. పుస్తకాలు చదివి, తనే ప్రయోగాలు చేసి, 1895లో సొంత సంస్థ పెట్టారు. తెరకూ ప్లేటుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, గీతలు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఏమవుతుంది అన్న లెక్కలు తేల్చి, లండను నుంచి వచ్చే పెన్‌రోజ్ వార్షిక సంచికలో 1897 నుంచి దాదాపు పదిహేనేళ్ల పాటు వ్యాసాలు రాశారు. ఆ వృత్తిలో ఉన్న ఇంగ్లీషువాళ్లు కలకత్తా నుంచి వచ్చిన ఆ వ్యాసాలు చదువుకున్నారు. కొడుకు సుకుమార్ రాయ్ 1911లో ఇదే విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండు వెళ్లారు. 1913లో ఉపేంద్రకిశోర్ మొదలుపెట్టిన పిల్లల పత్రిక సందేశ్‌లో బొమ్మలు అంత బాగుండటానికి వెనక ఉన్నది ఈ చుక్కల లెక్కే. తన పిల్లలు చూసే బొమ్మలో నీడ నీడలా ఉండాలని ఒక మనిషి పడిన కష్టం అది. ఆయన సంగతి నేను చాలా ఆలస్యంగా, నా తప్పు చేశాక చదివాను.

1985: జింకు బ్లాకు

పదేళ్ల సంచిక బాబాయి ప్రెస్సులోనే అచ్చయింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కంపోజు చేసి, ట్రెడిల్ మిషను మీద వేశాం. ఫొటోకు బ్లాకు చేయించాలి. బడి ఆఫీసు గదిలో గోడకున్న ఫొటో దింపి, గుడ్డలో చుట్టుకుని, బస్సులో విజయవాడ తీసుకెళ్లాను. బ్లాకు చేసే పెద్దాయన ఫొటో చూసి, "ఏ కాగితం?" అని అడిగాడు. మామూలు తెల్ల కాగితమన్నాను. "65 గీతలు చాలు. ఇంకా సన్నం అడిగితే చేస్తాను గానీ, మీ మిషను మీద నలుపంతా ముద్దకట్టేస్తుంది" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వెళితే, కొయ్య దిమ్మకు మేకులు కొట్టిన జింకు బ్లాకు చేతిలో పెట్టాడు.

ఆ సావనీరు ఇప్పటికీ నా దగ్గరుంది. ఫొటో ముతకగానే ఉంది. దగ్గర పెట్టుకుని చూస్తే చుక్కలు కంటికే కనిపిస్తాయి. అయినా భూతద్దం లేకుండా, పేజీని కాస్త దూరంగా పట్టుకుంటే, వెనక వరుసలో ముఖాలు ముఖాలుగానే ఉన్నాయి. గంట తాత ముఖంలో ముక్కు ఒక పక్క వెలుగు, కళ్ల కింద నీడ తెలుస్తాయి. పోలిక పూర్తిగా తెలియదు గానీ, అక్కడొక మనిషి ఉన్నాడని తెలుస్తుంది.

కంప్యూటరు వేసే చుక్క

తర్వాతి పదిహేనేళ్లలో మా వృత్తి మొత్తం తిరగబడింది. 1985లోనే అమెరికాలో యాపిల్ కంపెనీ లేజర్‌రైటర్ అనే ప్రింటరును అమ్మకానికి పెట్టింది. అంగుళానికి 300 చుక్కలు. మన వైపు డీటీపీ సెంటర్లు 1990ల్లో వచ్చాయి. సీసపు అక్షరాలు కిలోల లెక్కన అమ్మేశాం. పేజ్‌మేకరు, అను ఫాంట్లు నేర్చుకుని నేనూ ఒక సెంటరు పెట్టాను.

లేజరు ప్రింటరుకూ నలుపు ఒకటే ఉంది. అయితే గాజు తెర లేదు, చుక్క ఎక్కడ పడాలో కంప్యూటరే లెక్క కడుతుంది. ఈ లెక్కలో రెండు దారులున్నాయి. మా పిల్లలకు చెప్పినట్టే చెబుతాను.

మొదటిది పాత గాజు తెర దారే. ప్రింటరు చుక్కలను గుంపుగా చేర్చి ఒక పెద్ద చుక్క కట్టడం. ప్రింటరు అంగుళానికి 300 చుక్కలు వేస్తుంది, మనకు 60 గీతల తెర కావాలి అనుకోండి. 300ను 60తో భాగిస్తే 5. అంటే ఒక్కో గడిలో 5 × 5, మొత్తం 25 చిన్న చుక్కలు పడతాయి. ఒక్కటీ వెయ్యకపోతే తెలుపు, 25 వేస్తే నలుపు. మొత్తం 26 ఛాయలు. అంతే. గీతలు పెంచి 100 చేస్తే గడిలో 3 × 3 మిగులుతుంది, ఛాయలు 10కి పడిపోతాయి. సన్నదనం కావాలంటే ఛాయలు పోతాయి, ఛాయలు కావాలంటే సన్నదనం పోతుంది. రెండూ కావాలంటే ప్రింటరు చుక్క ఇంకా చిన్నది కావాలి. ప్లేట్లు తీసే పెద్ద యంత్రాలు అంగుళానికి 2400 చుక్కలు వేసేది ఇందుకే. 150 గీతలకు గడిలో 16 × 16, అంటే 256 చుక్కలు దొరుకుతాయి.

రెండో దారి చుక్కలను చెదరగొట్టడం. దీన్నే డిథరింగ్ అంటారు. 1962లో అమెరికాలో లారెన్స్ రాబర్ట్స్, తక్కువ ఛాయలతో పంపే బొమ్మలో కావాలనే కొంచెం గజిబిజి కలిపితే కంటికి బాగుంటుందని చూపించాడు. 1973లో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్, ఏ గడిలో ఏ క్రమంలో చుక్క పడాలో ఒక పట్టిక తయారుచేశాడు. ఇవాళ మీ ఫోను కెమెరాలో రంగులు పట్టే జల్లెడ అమరిక కూడా ఆయనదే. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ఇంకో ఉపాయం ప్రచురించారు. అది మన కిరాణా కొట్టు చిల్లర లెక్క లాంటిది. ఒక చోట 60 పాళ్ల నలుపు కావాలి. ప్రింటరు వేస్తే 100 వేస్తుంది, లేకపోతే సున్నా. 100 వేసింది. 40 ఎక్కువైంది. ఆ 40 బాకీని పక్కవాళ్ల ఖాతాలో సర్దుతుంది. బాకీని 16 భాగాలు చేసి, 7 భాగాలు కుడి పక్క చుక్కకు, 5 కింది చుక్కకు, 3 కింద ఎడమ, 1 కింద కుడి చుక్కకు పంచుతుంది. కొట్టువాడు చిల్లర లేదని రూపాయి ఎక్కువ తీసుకుని తర్వాతి బేరంలో తగ్గించినట్టు, బొమ్మ మొత్తం మీద లెక్క సరిపోతుంది. చుక్కలు ఇసుక చల్లినట్టు పడతాయి, గడులు కనిపించవు. కంప్యూటరు తెర మీద చూస్తే అసలు ఫొటో అనే అనుకుంటాం.

అలా అనుకున్నవాణ్ణి నేనే.

2000: నేను చేసిన పని

రజతోత్సవ సంచిక పని నాకు అప్పగించారు. అప్పటికి నా దగ్గర కొత్త లేజరు ప్రింటరు ఉంది. పెట్టె మీద 600 డీపీఐ అని పెద్ద అక్షరాలతో ఉంది. 1985లో 65 గీతలు, ఇప్పుడు 600. పదింతలు బాగా వస్తుందని మిత్రులందరికీ చెప్పుకున్నాను. గీతల లెక్కను, చుక్కల లెక్కను ఒకే గాటన కట్టాను. 65 అన్నది గడుల లెక్క. 600 అన్నది గడిలో పడే చిన్న చుక్కల లెక్క. రెండింటికీ పోలికే లేదు.

గోడ మీది ఫొటో మళ్లీ దింపి, స్కాను చేశాను. ఫైలు పెద్దదై కంప్యూటరు మాటిమాటికీ నిలిచిపోతోంది. బూడిద ఛాయల ఫైలును, నలుపు తెలుపు రెండే ఉండే బిట్‌మ్యాపుగా మార్చాను. మార్చేటప్పుడు చుక్కలు చెదరగొట్టే పద్ధతి ఎంచుకున్నాను. తెర మీద అద్భుతంగా ఉంది. గంట తాత చొక్కా గుండీ కూడా కనిపించింది. సంతోషపడి, జాగా కోసం పాత ఫైలు తీసేశాను. బటరు పేపరు మీద ప్రింటు తీసి, ప్లేటు చేయించి, ఆఫ్‌సెట్ మీద మ్యాప్‌లిథో కాగితానికి ఎక్కించాం.

అచ్చు చుక్క వేసినంతే ఉండదు, లావెక్కుతుంది. లేజరు ప్రింటరులో పొడి కరిగి అంటుకునేటప్పుడు కొంచెం పాకుతుంది. ప్లేటు మీద కొంచెం, రబ్బరు దుప్పటి నొక్కినప్పుడు కొంచెం, కాగితం సిరా పీల్చుకున్నప్పుడు ఇంకొంచెం. దానికి తోడు, తెల్ల కాగితంలోకి దూరిన వెలుతురు కొంత చుక్కల కింద చిక్కుకుపోతుంది. యూల్, నీల్సన్ అనే ఇద్దరు 1951లోనే దీన్ని లెక్కగట్టారు. మొత్తానికి, నున్నగా లేని కాగితం మీద 50 పాళ్లు వేసింది 70 పాళ్లుగా కనిపించడం మా వృత్తిలో మామూలే.

పాకేది చుక్క అంచు నుంచి. ఇక్కడే ఉంది కీలకం. పదహారు చుక్కలను 4 × 4 గుంపుగా పేరిస్తే, బయటికి కనిపించే అంచులు 16. అవే పదహారు చుక్కలను విడివిడిగా చల్లితే అంచులు 64. నాలుగింతలు. కళ్లాపి చల్లిన తడి నేల మీద ఒక చోట గుప్పెడు పిండి పోసి చూడండి, అదే గుప్పెడు చుక్కచుక్కగా పెట్టి చూడండి. ఏది ఎక్కువ పాకుతుందో తెలుస్తుంది.

ముందు వరుసలో ఎండ ఉంది. అక్కడ తెల్లటి మీద నల్ల చుక్కలు. లావెక్కినా ఖాళీ మిగిలింది. మాస్టార్లు కొంచెం ముదురుగా, అయినా చక్కగానే వచ్చారు. వెనక నీడలో సంగతి తలకిందులు. అక్కడ ముఖాన్ని ముఖంగా నిలబెట్టేవి నలుపు మధ్యలో మిగిలిన తెల్ల రంధ్రాలు. ఒక్కొక్కటీ ఆవగింజ కంటే చాలా చిన్నది. నాలుగు వైపుల నుంచీ నలుపు పాకి వాటిని మూసేసింది. వెనక వరుస మొత్తం మసకబారింది. కుడి చివర, చూరు నీడలో, నల్లటి మనిషి, ఖాకీ చొక్కా. అక్కడ ఒక నల్ల మచ్చ మిగిలింది. ముతక 65 గీతల జింకు బ్లాకు నిలబెట్టిన ముఖాన్ని నా 600 చుక్కలు మింగేశాయి.

సభ రోజున అందరూ సావనీరు తిరగేస్తున్నారు. గంట తాత మనుమరాలు వచ్చింది. ఆమె కూడా మన బడి విద్యార్థినే. ఆమెకు ఊహ తెలియక ముందే తాత పోయాడు. పేజీ తీసి నా దగ్గరికి తెచ్చి, "ఇందులో మా తాతయ్య ఏరండీ?" అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆమె నా వేలు కింద చూసింది, నా ముఖంలోకి చూసింది. "ఇదా అండీ?" అంది. సావనీరు మూసి, చీర కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు.

పోయినది మళ్లీ రాదు

అసలు ఫొటో ఉంది కదా, మళ్లీ స్కాను చేసి ఆమెకు ఇద్దామనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ సంవత్సరాలు గడిచాయి. ఒక వానాకాలం ఆఫీసు గది కప్పు కారింది. నీళ్లు ఫ్రేములోకి దిగాయి. జెలటిన్ పూత తడిసి గాజుకు అంటుకుంది. విడదియ్యబోతే సగం ముఖాలు గాజుతో పాటు ఊడొచ్చాయి.

నా దగ్గర మిగిలింది సీడీలో బిట్‌మ్యాపు ఫైలు. నలుపు, తెలుపు. మధ్యలో ఛాయలు తీసేసింది నేనే. దాని నుంచి ఛాయలు తియ్యబోతే మసక వచ్చింది తప్ప ముఖం రాలేదు. 1985 సావనీరులోని బొమ్మను స్కాను చేశాను. అందులో ఇప్పటికే చుక్కల గడులున్నాయి. దాని మీద కొత్త తెర పడితే రెండు గడులూ ఒకదానితో ఒకటి తగువుపడి, చీర మీద నీటిడాగుల్లా చారలు కట్టాయి.

సంఘంలో ఒక కుర్రవాడు ఫోనులో ఏదో ఆప్ పెట్టి, నా నల్ల మచ్చను క్షణంలో శుభ్రం చేశాడు. స్పష్టమైన ముఖం వచ్చింది. మంచి ముక్కు, పెద్ద కళ్లు. "అంకుల్, వచ్చేసింది" అన్నాడు సంబరంగా. నేను చూశాను. గంట తాతను రోజూ చూసినవాణ్ణి. అది ఆయన కాదు. అక్కడ లేని ఛాయలను యంత్రం ఎక్కడెక్కడి ముఖాల నుంచో తెచ్చి నింపింది. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు, మంచి మనసుతోనే చేశాడు. కానీ ఆ బొమ్మను ఆమెకు ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. నా మచ్చలో ఆమె తాత కనిపించలేదు. ఇందులో ఇంకెవరో ఆమె తాతగా కనిపిస్తారు. మొదటిదాని కంటే రెండోదే పెద్ద తప్పు.

2025: ఈ సంచికలో

గత సంవత్సరం మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఆ రోజు స్టూడియో ఆయన దగ్గర డబ్బు కట్టి ఫొటో కొనుక్కున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఫోనుతో తీసి పంపిన కాపీలు కొన్ని వచ్చాయి, పనికి రాలేదు. మూడు నెలల తర్వాత హైదరాబాదులో ఉంటున్న మిత్రుడొకడు ఫోను చేశాడు. వాళ్లమ్మగారి ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో, పోస్టుకార్డు సైజు ప్రింటు దొరికింది. కొంచెం పసుపెక్కింది, ఒక మూల విరిగింది. పోస్టులో పంపవద్దు, నేనే వస్తానన్నాను. వెళ్లి తెచ్చుకున్నాను.

ఈసారి తొందరపడలేదు. అచ్చులో రెండింతలు పెద్దదిగా వెయ్యాలి, 150 గీతల తెర. గీతలకు రెండింతలు, అంటే అంగుళానికి 300 గళ్ల సమాచారం కావాలి. బొమ్మ రెండింతలు పెరుగుతుంది కాబట్టి 600కు స్కాను చేశాను, బూడిద ఛాయల్లో. అసలు ఫైలు అలాగే మూడు చోట్ల దాచాను. చుక్క ఎంత లావెక్కుతుందో ప్రెస్సులో పరీక్ష పట్టీ వేసి కొలిపించి, అంత మేరకు నీడలను ముందుగానే లేత చేశాను. ముఖాల మీద ఒక్క గీత కొత్తగా గియ్యలేదు. ఫొటోలో ఉన్న ఛాయలకు కాగితం మీద చోటు కల్పించాను, అంతే. ప్లేటు నేరుగా కంప్యూటరు నుంచి, 2400 చుక్కల యంత్రం మీద తీసింది. ఈ ఒక్క పేజీకి ఆర్టు పేపరు వేద్దామంటే కార్యవర్గం మారు మాట్లాడకుండా ఒప్పుకుంది.

అచ్చుకు ముందు నమూనా ప్రతి పట్టుకుని గంట తాత మనుమరాలి ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. "అమ్మా, పాతికేళ్ల కిందట మీరు ఒకటి అడిగారు, చూపించలేకపోయాను" అన్నాను. ఆమెకు గుర్తుంది. కళ్లద్దాలు తెచ్చుకుని, గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. "చెవులు మా నాన్నవే" అంది. తర్వాత, "అండీ, ఆయన నవ్వుతున్నాడా?" అని అడిగింది. నేనూ వంగి చూశాను. నలభై ఏడేళ్లలో నేనూ గమనించలేదు. కొంచెం నవ్వుతున్నాడు.

ఆ ఫొటో ఈ వ్యాసం తర్వాతి పేజీలో ఉంది. ఆఖరి వరుస, కుడి చివర.

ఒక మాట చెప్పి ముగిస్తాను. పెట్టె మీద రాసే అంకె ఎంత పెద్దదైనా, చివరికి చూడవలసింది నీడలో ఎన్ని ఛాయలు మిగిలాయన్నదే. అచ్చులో ముందుగా పోయేది నీడలో ఉన్నవాళ్లు. బడి ఫొటోల్లో నీడలో నిలబడేది ఎవరో మనకు తెలుసు. బెంచీలు మోసినవాళ్లు, పిలిస్తే గానీ రానివాళ్లు, చివర్న సర్దుకున్నవాళ్లు. మీ ఇళ్లలో పాత గ్రూపు ఫొటోలుంటే గోడల మీద నుంచి దింపి, గాజుకు అంటుకోకుండా చూడండి. వెనక పెన్సిలుతో అందరి పేర్లూ రాయండి, ఆఖరి వరుసతో మొదలుపెట్టండి. సంఘానికి కాపీ ఇవ్వాలనుకుంటే వాట్సాప్‌లో పంపకండి. ఫొటో తీసుకుని రండి, నా దగ్గర స్కానరుంది. పని అయ్యేదాకా కూర్చుని, టీ తాగి, మీ ఫొటో మీరే పట్టుకెళ్లవచ్చు.